స్పార్క్లింగ్ సిట్రస్ కాక్‌టెయిల్: గ్లాసులో ఎందుకు పొంగుతుంది, గిన్నెలో ఎందుకు చప్పబడుతుంది?

ప్రశ్న: ఇయర్ ఎండ్ పార్టీకి 12 మంది వస్తున్నారు. జిన్, నిమ్మరసం, నారింజ, స్పార్క్లింగ్ వైన్‌తో కాక్‌టెయిల్ చేద్దామనుకుంటున్నాను. ట్రయల్ వేస్తే, అంచుకు పంచదార అద్దిన గ్లాసుల్లో పోయగానే పొంగి బల్లంతా కారింది. పెద్ద గిన్నెలో కలిపి పెట్టిందేమో అరగంటకే గ్యాస్ పోయి షర్బత్‌లా తయారైంది. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

జవాబు: రెండిట్లోనూ జరిగింది ఒక్కటే. ఉండాల్సిన గ్యాస్ వైన్‌లోంచి ముందే బయటికి వచ్చేసింది. గ్లాసులో ఒక్కసారిగా వచ్చింది, గిన్నెలో నెమ్మదిగా పోయింది.

గ్యాస్ బుడగ కట్టాలంటే దానికి ఒక గరుకు చోటు కావాలి. అంచు నుంచి రాలిన ఒక్కో పంచదార పలుకూ అలాంటి చోటే. నిమ్మరసంలో తేలే తొనల పీచు, గ్లాసు తుడిచిన బట్ట వదిలిన నూలు పోగు కూడా అదే పని చేస్తాయి. గ్లాసు అడుగున నాలుగు పలుకులు వేసి, పైన వైన్ ఒక గుక్క పోసి చూడండి. పలుకులున్న చోటు నుంచే తెల్లటి దారాల్లా బుడగలు లేస్తాయి. కాబట్టి పంచదార అంచు మానేయండి. అందం కావాలంటే నారింజ తొక్క ఉంది, దాని సంగతి కింద చెబుతాను.

రెండో శత్రువు వేడి. ఈ గ్యాస్ కార్బన్ డయాక్సైడే, 20 డిగ్రీల నీళ్లలో ఇమిడేది 0 డిగ్రీల దగ్గర ఇమిడేదానిలో దాదాపు సగమే. వైన్ ఎంత చల్లగా ఉన్నా, గది వేడిలో ఉన్న జిన్, రసం మీద పోస్తే గ్యాస్ ఎగిరిపోతుంది. బాటిలే కాదు, దాంతో కలిసే ప్రతిదీ ఫ్రిజ్‌లోంచి రావాలి. గిన్నెలో కలిపి పెట్టడం పూర్తిగా వదిలేయండి, అంత వెడల్పు మూతిలో గ్యాస్ నిలవదు. జిన్, రసం, సిరప్ ముందే కలిపి జగ్గులో ఉంచుకోండి, వైన్ మాత్రం ఎవరి గ్లాసులో వాళ్లకి అప్పటికప్పుడు పోయాలి.

గ్లాసు ఒక్కింటికి కొలత: జిన్ 30 మి.లీ., నిమ్మరసం 15, నారింజ తొక్కల సిరప్ 15, నీళ్లు 15, పైన స్పార్క్లింగ్ వైన్ 75. ఫ్రెంచ్ 75 అనే పాత కాక్‌టెయిల్ లెక్కకి ఇది దగ్గరే. మనిషికి రెండు గ్లాసుల చొప్పున 24 గ్లాసులకి జిన్ 720 మి.లీ., మిగతా మూడూ 360 చొప్పున. అన్నీ కలిపితే 1800 మి.లీ. అవుతుంది. వైన్ కూడా అంతే పడుతుంది, అంటే 750 మి.లీ. బాటిళ్లు మూడు. లెక్కకి కాస్త ఎక్కువే, కానీ పోసేటప్పుడు నురగలో కొంత పోతుంది.

జిన్‌లో నీళ్లేమిటని చాలామంది ఆ 15 మి.లీ. ఎగ్గొడతారు. షేకర్‌లో ఐస్‌తో ఊపినప్పుడు కరిగి కలిసే నీళ్ల స్థానంలో ఇవి పడుతున్నాయి. మనం ఐస్ వాడటం లేదు కనుక విడిగా పోయాలి, లేకపోతే గొంతులో మండుతుంది.

రుచంతా సిరప్‌లో ఉంది, అక్కడ తొందరపడొద్దు. నాలుగు నారింజలు, నాలుగు నిమ్మకాయలు బాగా కడిగి, తడి తుడిచి, పీలర్‌తో పై రంగు తొక్క మాత్రమే తీయండి. కింది తెల్ల పొర వచ్చిందంటే చేదు వచ్చినట్టే. తొక్కల్ని 250 గ్రాముల పంచదారతో చేత్తో గట్టిగా నలిపి, మూతపెట్టి నాలుగు గంటలు వదిలేయండి. పంచదార తొక్కల్లోంచి నూనె లాగేసుకుని తడి ఇసుకలా మారుతుంది. గిన్నె మూత తీస్తే వచ్చే వాసన ఏ సీసా సిరప్‌లోనూ దొరకదు. అప్పుడు 250 మి.లీ. వేడి నీళ్లు పోసి, పంచదార పూర్తిగా కరిగేదాకా తిప్పి వడకట్టండి. పొయ్యి మీద మరిగించొద్దు, వాసన ఆవిరైపోతుంది. దాదాపు 400 మి.లీ. వస్తుంది. ఇది ముందు రోజే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు.

నిమ్మరసం మాత్రం పార్టీ రోజే తీయండి. పెద్ద పసుపు కాయలైతే పది, చిన్నవైతే ఇరవై దాకా పడతాయి. తొక్క తీసిన కాయల్నీ ఇందులోనే వాడేయండి. టీ వడపోతలో ఒకసారి, పలచటి బట్టలో ఇంకోసారి వడకట్టాలి. రెండోసారి ఎందుకంటే ఆ పీచు గురించే. నారింజ రసం కలపమని నేను చెప్పను. దానిలో పులుపు నిమ్మలో ఐదో వంతు కూడా ఉండదు, ఎక్కువ పోస్తే తప్ప తెలియదు, ఎక్కువ పోస్తే బుడగలు చస్తాయి. పైగా నేవెల్ రకం రసం తీసి ఉంచితే కాసేపటికి చేదెక్కుతుంది.

జగ్గులో కలిపింది విడిగా రుచి చూస్తే అతి పులుపుగా, అతి తీపిగా అనిపించాలి. బాగుందే అనిపిస్తే వైన్ పడ్డాక పలచబడుతుంది. రెండు మూడు గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. ఫ్రీజర్‌లో వద్దు, గడ్డ కడుతుంది.

వైన్ కొనేటప్పుడు లేబుల్ మీద బ్రూట్ అని చూసుకోండి. అందులో లీటరుకి పంచదార 12 గ్రాములకి మించదు. ఎక్స్‌ట్రా డ్రై అన్న పేరు చూసి మోసపోవద్దు, అది బ్రూట్ కన్నా తియ్యన. ఇంకా తియ్యటి డెమీ సెక్ రకం మాత్రమే దొరికితే గ్లాసుకి సిరప్ 10 మి.లీ.కి తగ్గించండి. ఖరీదైన షాంపేన్ ఇందులో పోయడం దండగ.

బాటిల్ కనీసం నాలుగు గంటలు ఫ్రిజ్‌లో ఉండాలి. టైం లేకపోతే బకెట్లో ఐస్, నీళ్లు, గుప్పెడు ఉప్పు వేసి అరగంట ముంచండి. ఐస్ ఒక్కటే వేస్తే మధ్యలో గాలి ఉండి చల్లబడటం ఆలస్యమవుతుంది. షాంపేన్ బాటిల్లో ఒత్తిడి కారు టైరులో కన్నా రెండింతలకు పైనే, కనుక తీగ విప్పిన దగ్గర్నుంచి బొటనవేలు బిరడా మీంచి తీయొద్దు. మూతి మనుషుల వైపు లేకుండా వంచి పట్టుకుని, బిరడాని కదలనీయకుండా బాటిల్‌ని తిప్పండి. ఠప్పుమని కాదు, నిట్టూర్చినట్టు రావాలి.

సన్నని పొడవు గ్లాసులో ముందు జగ్గులోది 75 పోసి, గ్లాసు వంచి గోడ వెంబడి వైన్ సగం పోయండి. నురగ కూర్చున్నాక మిగతాది. పొడుగు చెంచా అడుగుకి దించి ఒక్కసారి పైకి తీస్తే చాలు, గిరగిరా తిప్పొద్దు. చివర్లో వేలెడు నారింజ తొక్కని, రంగు వైపు కిందికి ఉండేలా గ్లాసు మీద పట్టి చిటుక్కున వంచండి. నూనె తుంపర పైన పడుతుంది, తాగేటప్పుడు ముందు ఆ వాసనే తగులుతుంది.

ఇది తియ్యగా చల్లగా దిగిపోతుంది కానీ, ఒక్క గ్లాసులో ఆల్కహాల్ 30 మి.లీ. పెగ్గులు రెండింటికి కాస్త తక్కువ. బండి నడిపేవాళ్లకీ, తాగనివాళ్లకీ నిమ్మరసం 15, సిరప్ 20, చల్లటి సోడా 120 పోసి ఇవ్వండి. చిరుచేదు నచ్చేవాళ్లకి సోడా బదులు టానిక్ వాటర్, అప్పుడు సిరప్ 10 చాలు. ఆల్కహాల్ ఉన్న జగ్గూ, లేని జగ్గూ ఒకే రంగులో ఉంటాయి, పేర్లు రాసి అంటించండి.

మిగిలిన బాటిల్ మూతిలో చెంచా పెడితే గ్యాస్ నిలుస్తుందన్నది ఉత్త మాట. క్లిప్ ఉన్న స్పార్క్లింగ్ వైన్ మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు వాడేయండి.