డెలివరీలో కస్టమర్ కుక్కకో పిల్లికో దెబ్బ తగిలితే

ప్రశ్న: అన్నా, మాది అనంతపురం జిల్లా, గుత్తి దగ్గర పల్లె. ఇంగ్లండ్‌కు వచ్చి ఏడాది కాలేదు. డిపెండెంట్ వీసా మీద ఉన్నాను, వ్యాన్‌లో పార్శిల్ డెలివరీ చేస్తున్నాను. నిన్న సాయంత్రం ఒక ఇంట్లో పార్శిల్ ఇచ్చి బండి తీస్తుంటే వాళ్ళ కుక్క గేటులోంచి రోడ్డు మీదికి ఉరికొచ్చి చక్రానికి తగిలింది. గట్టిగా అరిచి, లేచి, కుంటుకుంటూ ఇంట్లోకి పోయింది. బతికే ఉంది కదా అని నేను ఆగకుండా వచ్చేశాను. పొద్దున కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. వాళ్ళ డోర్‌బెల్ కెమెరాలో అంతా ఉందంట. జైలు పడుతుందా? వీసా పోతుందా? మా నాయనేమో ఫోన్లో "నువ్వేమీ ఒప్పుకోవద్దు" అంటున్నాడు. రాత్రంతా నిద్ర లేదన్నా.

జవాబు: ఈ తమ్ముడికి ఫోన్లోనే చెప్పేశాను, ఎందుకంటే ఇది ఆలస్యం చేసే వ్యవహారం కాదు. కుక్కకు దెబ్బ తగిలితే పోలీసులకు చెప్పడానికి ఇక్కడి చట్టం ఇచ్చే గరిష్ఠ గడువు 24 గంటలు. అతను నాకు రాసేసరికి అందులో సగం పైనే అయిపోయింది. వెంటనే పోలీస్ స్టేషన్‌కు పొమ్మన్నాను, అటు నుంచి అటే కంపెనీకి ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నాను. రెండూ చేశాడు. కుక్కకు వెనక కాలు విరిగింది, ప్రాణాపాయం లేదు. ఈ జవాబు మిగతావాళ్ళ కోసం రాస్తున్నాను. కర్నూలు, అనంతపురం, కడప నుంచి వచ్చి ఇక్కడ వ్యాన్ ఎక్కిన పిల్లలు నాకు చాలామంది తెలుసు. వాళ్ళలో చాలామందికి ఈ విషయం ఎవరూ చెప్పి ఉండరు.

ఎందుకు ఆగలేదని అతన్ని నేను అడగలేదు. అడగాల్సిన పని లేదు. తాడిపత్రి రోడ్డులో ఒక గొర్రె బండి కింద పడితే ఏమవుతుందో చూస్తూ పెరిగినవాళ్ళం మనం. నిమిషాల్లో జనం మూగుతారు. ఎవరో తాళంచెవి లాక్కుంటారు, ఇంకెవరో కాలర్ పట్టుకుంటారు. పడింది బక్క గొర్రే అయినా అది చూలు గొర్రె అంటారు, వాళ్ళు చెప్పిందే ధర. ఆపితే దెబ్బలు తింటావు, నేరుగా స్టేషన్‌కు తోలు అని పాత డ్రైవర్లు కొత్తవాళ్ళకు నేర్పేది అందుకే. కువైట్‌లో బండి నడిపి వచ్చిన కడప వాళ్ళకు ఇంకో భయం, కేసు అంటే నేరుగా ఇంటికి పంపించేస్తారని. ఈ భయాలన్నీ మోసుకుని మనవాడు ఇంగ్లండ్‌లో స్టీరింగ్ పట్టుకుంటాడు. కుక్క అరవగానే కాలు దానంతటదే యాక్సిలరేటర్ మీదికి పోతుంది.

ఇక్కడ మీ మీదికి ఊరు రాదు. మహా అయితే ఏడుస్తూ ఒక మనిషి బయటికి వస్తుంది, లేదా కోపంగా నాలుగు మాటలు అంటారు. అది భరించగలిగిందే. వెళ్ళిపోతే వచ్చేదే భరించలేనిది.

చట్టం సంగతి. 1988 నాటి రోడ్ ట్రాఫిక్ యాక్ట్, సెక్షన్ 170 ప్రకారం మీ బండి వల్ల రోడ్డు మీద కుక్క, గుర్రం, పశువు, గాడిద, కంచర గాడిద, గొర్రె, మేక, పంది, వీటిలో దేనికి గాయమైనా ఆగి తీరాలి. అడగడానికి కారణం ఉన్న మనిషి అడిగితే మీ పేరు, అడ్రస్, బండి ఓనర్ పేరు, అడ్రస్, బండి నంబర్ ఇవ్వాలి. ఇవ్వడం కుదరకపోతే వీలైనంత త్వరగా, ఎంత ఆలస్యమైనా 24 గంటల్లోపు పోలీసులకు చెప్పాలి. తీరిగ్గా మరుసటి రోజు చెప్పొచ్చని దాని అర్థం కాదు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. చట్టం అడిగేది స్టేషన్‌లో గానీ, పోలీసుకు గానీ స్వయంగా చెప్పడం. అత్యవసరం కాని పనులకు ఉన్న పోలీసు నంబర్ 101కు ఫోన్ చేయండి, తప్పు లేదు, ఆ కాల్ రిఫరెన్స్ నంబర్ రాసి పెట్టుకోండి కూడా. కానీ ఫోన్‌తో పని అయిపోయిందని ఊరుకోకుండా స్టేషన్‌కు పోండి. కుక్క రోడ్డు మధ్యలో పడి ఉండి వెనక వచ్చే బండ్లకు ప్రమాదం ఉంటే మాత్రం అత్యవసర నంబర్ 999.

ఆగకుండా పోయినందుకు చట్టంలో ఆరు నెలల దాకా జైలు, జరిమానా, లైసెన్స్ మీద 5 నుంచి 10 పెనాల్టీ పాయింట్లు రాసి ఉన్నాయి. కొత్తగా ఇక్కడి లైసెన్స్ తీసుకున్నవాళ్ళకు ఈ పాయింట్ల దగ్గరే అసలు దెబ్బ. మొదటి రెండేళ్ళలో 6 పాయింట్లు చేరితే లైసెన్స్ రద్దవుతుంది, థియరీ పరీక్ష నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. శిక్ష పడితే ఆ తర్వాత వీసా దరఖాస్తులో దాన్ని చూపించాల్సి ఉంటుంది, డ్రైవింగ్ నేరాలు కూడా అందులోకే వస్తాయి. ఆగి, వివరాలిచ్చి, చెప్పాల్సినవాళ్ళకు చెప్పినవాడికి ఈ బాధ ఏదీ లేదు. కుక్క హఠాత్తుగా చక్రం కిందికి రావడం దానంతట అది నేరం కాదు తమ్ముళ్ళూ.

ఆ జాబితాలో పిల్లి లేదని మీరు గమనించే ఉంటారు. నిజమే, పిల్లికి తగిలితే పోలీసులకు చెప్పాలని సెక్షన్ 170 అడగదు. ఈ ముక్క ఎవరో వాట్సాప్‌లో పెడతారు, మనవాళ్ళు పిల్లయితే వెళ్ళిపోవచ్చని అర్థం చేసుకుంటారు. వెళ్ళిపోవద్దు. పిల్లికి లోపల దెబ్బ తగిలినా బయటికి బాగానే కనిపిస్తుంది. లేచి పరుగెత్తి ఏ షెడ్డు కిందనో దాక్కుంటుంది, లోపల రక్తం కారి అక్కడే చనిపోతుంది. ఇంటివాళ్ళకు ఆ క్షణంలో తెలిస్తే వెతికి వెట్ (జంతువుల డాక్టర్) దగ్గరికి తీసుకెళ్తారు. మీరు చెప్పే ఒక్క మాట మీద దాని ప్రాణం ఆధారపడి ఉంటుంది. కస్టమర్ సొంత డ్రైవ్‌వేలో జరిగితే చట్టం వర్తిస్తుందా లేదా అనే వాదన కూడా అంతే, అది లాయర్లకు వదిలేయండి. మీరు తలుపు కొట్టండి.

తలుపు కొట్టాక ఏం మాట్లాడాలి? మనవాళ్ళు బిగుసుకుపోయేది ఇక్కడే. ఒకవైపు నాయన "ఒప్పుకోవద్దు" అంటాడు, ఇంకోవైపు ఇన్సూరెన్స్ కాగితంలో తప్పు నాదేనని అంగీకరించకూడదని ఉంటుంది. దాంతో సారీ చెప్పడానికి కూడా భయం. ఇంగ్లండ్, వేల్స్‌లో 2006 నాటి కాంపెన్సేషన్ యాక్ట్ ఈ విషయం తేల్చేసింది. క్షమాపణ చెప్పినంత మాత్రాన, వైద్యం చేయిస్తామన్నంత మాత్రాన నిర్లక్ష్యాన్ని ఒప్పుకున్నట్టు కాదని అందులో ఉంది. కాబట్టి నోరారా సారీ చెప్పండి. ఇంగ్లీష్ తడబడుతుందనుకుంటే ఈ మాటలు చాలు: "ఐ యామ్ వెరీ సారీ. యువర్ డాగ్ హాజ్ బీన్ హర్ట్ బై మై వ్యాన్. ప్లీజ్ కమ్ క్విక్లీ. విచ్ వెట్ డూ యూ యూజ్?" చిన్న పిల్లలు తలుపు తీస్తే వాళ్ళకేమీ చెప్పొద్దు, అమ్మనో నాన్ననో పిలవమనండి. కుక్క అడ్డం వచ్చింది, మీరే గేటు తెరిచిపెట్టారు, నేను మెల్లగానే వచ్చాను, ఇవన్నీ నిజాలే కావచ్చు. కానీ కంపెనీకి, ఇన్సూరెన్స్‌కు రాసిచ్చేటప్పుడు రాయండి. ఆ గుమ్మం దగ్గర వద్దు.

ఒక కుక్క కోసం ఇంత ఏడుపా అని కొందరికి లోపల అనిపించవచ్చు. మన ఊళ్ళో సేద్యపు ఎద్దు చనిపోయిన రోజు ఇల్లెలా ఉంటుందో గుర్తు చేసుకోండి. ముద్ద నోట్లోకి పోదు, దాన్ని సొంత చేనులో గుంత తీసి పూడ్చి వస్తారు, ముసలాయన ఖాళీ గాటిపాట వైపు చూస్తూ రోజుల తరబడి మాట్లాడడు. ఈ దేశంలో ఒంటరిగా ఉండే పెద్దావిడకు ఆ కుక్క అంతకు తక్కువేమీ కాదు.

ఇక దెబ్బ తగిలిన జంతువు దగ్గరికి ఎలా పోవాలి. ముందు హజార్డ్ లైట్లు వేసి, బండి ఆపి, హై విజ్ జాకెట్‌తో దిగండి. ఎంత సాధువైన కుక్కయినా నొప్పిలో కరుస్తుంది. ముఖం దగ్గర చేయి పెట్టొద్దు, తల నిమరొద్దు. ఓనర్ ఉంటే వాళ్ళనే పట్టుకోనివ్వండి, మీరు సాయం చేయండి. కదిలించక తప్పకపోతే దుప్పటినో జాకెట్‌నో స్ట్రెచర్‌లా పక్కన పరిచి, వెన్ను వంగకుండా మెల్లగా దాని మీదికి జరపండి, ఇద్దరు చెరోవైపు ఎత్తండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో ఒత్తి పట్టుకోండి. పిల్లి అయితే పైన జాకెట్ కప్పి, మెల్లగా ఎత్తి అట్టపెట్టెలో పెట్టండి. పార్శిల్ వ్యాన్‌లో ఖాళీ అట్టపెట్టెకు కరువుండదు. పైన మూత వదులుగా మూయండి, చీకట్లో అది కాస్త నిమ్మళిస్తుంది. నీళ్ళు, పాలు, తిండి ఏదీ పెట్టొద్దు, వెట్ మత్తు ఇవ్వాల్సి రావచ్చు. మన పారాసిటమాల్ అసలే వద్దు, పిల్లికి అది విషం.

ఇంట్లో ఎవరూ లేకపోతే పక్కింటి తలుపు కొట్టండి. కంపెనీ సపోర్ట్ లైన్‌కు ఫోన్ చేసి కస్టమర్‌కు కబురు పంపమనండి. ప్రాణం మీదికి వచ్చినట్టుంటే దగ్గర్లోని వెట్‌కు ముందు ఫోన్ చేసి తీసుకెళ్ళండి. ప్రాక్టీస్‌లో ఉన్న వెట్లు అత్యవసర ప్రథమ చికిత్స, నొప్పి తగ్గించే వైద్యం 24 గంటలూ అందేలా చూడాలని వాళ్ళను నియంత్రించే సంస్థ రాయల్ కాలేజ్ ఆఫ్ వెటర్నరీ సర్జన్స్ నియమం ఉంది. మీరు డ్రైవర్ అని, ఓనర్ వేరే అని రిసెప్షన్‌లో స్పష్టంగా చెప్పండి. ఇంగ్లండ్‌లో కుక్కలకు 2016 ఏప్రిల్ నుంచి, పెంపుడు పిల్లులకు 2024 జూన్ 10 నుంచి మైక్రోచిప్ తప్పనిసరి, వెట్ స్కాన్ చేస్తే ఓనర్ ఎవరో తెలుస్తుంది. వెళ్ళే ముందు ఏం జరిగింది, ఏ వెట్ దగ్గరికి తీసుకెళ్తున్నారు, మీ నంబర్ ఎంత, కాగితం మీద రాసి తలుపు సందులో వేయండి. చనిపోయి ఉన్నా ఇంతే. గుడ్డలో చుట్టి పక్కకు పెట్టి చెప్పాలి. బిన్‌లోనో పొదలోనో పడేసి పోవడం మాత్రం మనిషి చేసే పని కాదు.

డబ్బు విషయం గొర్రె లెక్కలా అక్కడికక్కడ తెంచుకోవద్దు. జేబులోంచి తీసి ఇవ్వొద్దు, బిల్లంతా నేనే కడతాననీ అనొద్దు, ఆపరేషన్ ఎంతవుతుందో ఆ నిమిషంలో ఎవరికీ తెలియదు. నంబర్ ఇచ్చి, ఇన్సూరెన్స్ ద్వారా చూస్తారని చెప్పండి. జీతం మీద పనిచేస్తుంటే కంపెనీ చూసుకుంటుంది. సెల్ఫ్ ఎంప్లాయ్డ్ అయితే మీ పాలసీలో హైర్ అండ్ రివార్డ్ కవర్, అంటే డబ్బు తీసుకుని సరుకు చేర్చే పనికి వర్తించే ఇన్సూరెన్స్, ఉండాలి. సొంత పనులకు తీసుకున్న మామూలు కార్ పాలసీతో డెలివరీ చేస్తే చట్టం దృష్టిలో ఇన్సూరెన్స్ లేనట్టే, పట్టుబడితే 300 పౌండ్ల జరిమానా, 6 పాయింట్లు, పోలీసులు బండి కూడా తీసుకుపోవచ్చు.

స్టూడెంట్ వీసా పిల్లలకు ఒక మాట, కోపంతో కాదు. ఆ వీసా మీద సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్‌కు అనుమతి లేదు. ఇంకొకరి యాప్ అకౌంట్ అద్దెకు తీసుకుని తిరిగేవాళ్ళు ఆగలేరు, పేరు చెప్పలేరు, ఇన్సూరెన్స్‌కు ఫోన్ చేయలేరు. అందుకే పారిపోతారు. ఈసారి కుక్క, రేపు ఎవరి బిడ్డో అయితే? దయచేసి ఆ పని మానేయండి. పేస్లిప్ వచ్చే ఉద్యోగం వెతుక్కోండి, టర్మ్‌లో వారానికి 20 గంటల లోపు.

చివరగా, అసలు దెబ్బే తగలకుండా చూసుకోవడం. డ్రైవ్‌వేలోకి బండి పోనివ్వొద్దు. రోడ్డు మీద పెట్టి నడిచి వెళ్ళండి. రివర్స్ చేయక తప్పకపోతే దిగి ఒకసారి వెనక, కింద చూసి, అద్దం దించి, నడక వేగంతో పోండి. చలికాలంలో పిల్లులు వెచ్చదనం కోసం బండ్ల కిందికి, చక్రం సందుల్లోకి చేరతాయి. ఎక్కువ సేపు ఆపిన బండి అయితే ఎక్కే ముందు బానెట్ మీద రెండు దెబ్బలు వేయండి. గేటు తీసినవాళ్ళు గొళ్ళెం పడిందో లేదో చూసి రండి, మీరు తెరిచి వదిలేసిన గేటులోంచి వచ్చిన కుక్క వెనక వచ్చే బండి కింద పడుతుంది. ఇంటివాళ్ళు తలుపు తీయగానే కుక్క బయటికి దూసుకొస్తే, వాళ్ళు దాన్ని లోపలికి పిలిచి తలుపు వేసేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు. ఆ అర నిమిషానికి రూట్ ఏమీ లేటైపోదు. రేపు షిఫ్ట్ మొదలయ్యే ముందు వ్యాన్‌లో ఒక పాత దుప్పటి, ఒక జత గ్లౌజులు పడేయండి, మీ రూట్‌లో రాత్రిపూట కూడా పలికే వెట్ నంబర్ ఒకటి ఫోన్‌లో సేవ్ చేసుకోండి.