చిన్న ట్రాక్టర్‌కు లైట్లు బిగించబోతున్న మేనల్లుడికి

అల్లుడూ,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. బండి ముచ్చటగా ఉంది. వాటి కింద నువ్వు రాసిన జాబితా మీ అత్తకు చదివి వినిపిస్తే, "ఇవన్నీ బిగించాక ట్రాక్టర్ ఎక్కడుందో వెతుక్కోవాలేమో" అంది. పన్నెండు లైట్లు, టూల్‌బాక్సు, వెనక బరువుకు కాంక్రీటు డ్రమ్ము, లోడరు బకెట్‌కు గొలుసు కొక్కేలు, బుడ్డోడికి మడ్‌గార్డు మీద సీటు. నీ వయసులో నా జాబితా ఇంతకంటే పొడుగు, అందుకే తిట్టను. ఒక్క మాట మాత్రం ముందే చెబుతున్నా: ట్రాక్టర్‌కు కొత్తగా ఒక్క బెజ్జం కూడా వెయ్యకు. ఏం బిగించినా క్లాంపులతో బిగించు, లేదా కంపెనీ ఇచ్చిన బెజ్జాలనే వాడుకో. రేపు తీసేస్తే బండి వచ్చిననాటి బండిలా ఉండాలి. తీసెయ్యాలని తప్పకుండా అనిపిస్తుందిలే. మొదటి ఏడాది నేను బిగించినవాటిలో సగం రెండో ఏడాదికల్లా పాత ఇనుములో కలిశాయి.

ముందు ఒక నెల ఏమీ తగిలించకుండా పని చెయ్యి. చీకట్లో ఏది కనబడక దిగాల్సి వచ్చింది, పిన్ను కోసం ఎన్నిసార్లు షెడ్డుకు నడిచావు, చెయ్యి దేనికోసం తడుముకుంది, ఇవి చిన్న పుస్తకంలో రాసుకో. నేను బండి తెచ్చిన వారానికే బానెట్ ముందు రెండు పెద్ద లైట్లు పెట్టాను. చూడ్డానికి దర్జాగా ఉండేవి. రాత్రి దుక్కిలో దిగాక తెలిసింది, నా కళ్లు సగంసేపు వెనక మట్టిని గుల్లచేసే రోటవేటర్ మీదే ఉంటున్నాయని. అక్కడేమో కటిక చీకటి. కాబట్టి నీ పన్నెండు కొట్టేసి నాలుగు రాసుకో. వెనక రెండు, ముందు రెండు. మొదట బిగించేవి వెనకవే.

ఇప్పుడు కరెంటు లెక్క. బండిది 12 వోల్టుల బ్యాటరీ. లైటు వాట్లను 12తో భాగిస్తే అది లాగే ఆంపియర్లు వస్తాయి. పాతకాలపు 55 వాట్ల హాలోజన్ ఒక్కటే నాలుగున్నర ఆంపియర్ల పైన లాగుతుంది. అలాంటివి నాలుగు పెడితే 18 దాటుతుంది. చిన్న ట్రాక్టర్లలో కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ కూడా చిన్నదే, ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు అది ఇచ్చేది ఇంకా తక్కువ. లోటంతా బ్యాటరీ భరిస్తుంది, పొద్దున్నే సెల్ఫ్ కొడితే టిక్ టిక్‌మంటుంది. అదే 18 వాట్ల ఎల్‌ఈడీ అయితే ఒక్కొక్కటి ఒకటిన్నర ఆంపియర్, నాలుగూ కలిపి ఆరు. దుక్కికి ఆ వెలుగు ధారాళంగా సరిపోతుంది. డబ్బా మీద వేసిన వాట్లను నమ్మకు, మీటరు పెట్టి చూస్తే చాలావాటిలో సగమే ఉంటుంది. ఐపీ 67 అని రాసి ఉన్నవి తీసుకో. దుమ్ము లోపలికి పోదని, మీటరు లోతు నీళ్లలో అరగంట మునిగినా తట్టుకుంటుందని దాని అర్థం. బండి కడిగేటప్పుడు పైపు నేరుగా లైటు మీదకు పట్టే నీ అలవాటు మాత్రం మానుకో, ఆ ధారకు ఈ అంకె హామీ కాదు.

వైరింగు దగ్గర కాస్త నిదానంగా చదువు. నేను కాలిపోబోయింది ఇక్కడే. నా మొదటి లైట్లకు బ్యాటరీ నుంచి నేరుగా తీగ లాగాను. ఫ్యూజు లేదు. తీగను మడ్‌గార్డు రేకు అంచు మీదుగా వంచి, రెండు చోట్ల టేపు చుట్టి మురిసిపోయాను. రేకు అంచు అంటే కత్తే. ఇంజను అదురుకు నెలల తరబడి కొంచెం కొంచెం కోసుకుంటూ పోయింది. ఒక రాత్రి దున్నుతుంటే రబ్బరు కాలిన వాసన, చూస్తే సీటు కింద నుంచి పొగ. ఇంజను ఆపినా పొగ ఆగదు, ఎందుకంటే ఆ తీగకు తాళంతో సంబంధమే లేదు. బ్యాటరీ విప్పుదామంటే పానా షెడ్డులో ఉంది. డీజిల్ ట్యాంకుకు రెండు జానల దూరంలో తీగ ఎర్రగా కాలుతుంటే కటింగ్ ప్లయరుతో తెంపాను. బొటనవేలి మీద మచ్చ అదే, చిన్నప్పుడు నువ్వు అడిగితే పాము కరిచిందని చెప్పాను కదా.

అందుకని, బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు లోపే ఫ్యూజు పెట్టు. ఫ్యూజు కాపాడేది లైటును కాదు, తీగను. దాన్ని లైటు దగ్గర పెడితే మధ్యలో తీగంతా దిక్కులేనిదే. ముందు జతకు ఒకటి, వెనక జతకు ఒకటి. ఒక్కో జత మూడు ఆంపియర్లు లాగుతుంది కాబట్టి 5 ఆంపియర్ల ఫ్యూజు చాలు. పోయిందంటే కారణం వెతుకు, 20ది పెట్టి సరిపెట్టుకోకు. తీగ రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగిది వాడు. ఈ లైట్లకు అంత అవసరం లేదు, కానీ అదురును లావు తీగే తట్టుకుంటుంది.

రిలే కూడా పెట్టు, అంటే స్విచ్చు నుంచి వచ్చే చిన్న కరెంటుతో లైట్ల పెద్ద కరెంటును కలిపే, తెంపే డబ్బా. మూడు ఆంపియర్లు మామూలు స్విచ్చు కూడా మోస్తుంది, నిజమే. కానీ వచ్చే ఏడాది నువ్వు పెద్ద లైటు తెస్తావు, నిన్ను ఎరుగుదును. రిలే అడుగున అంకెలుంటాయి. 30కి ఫ్యూజు దాటి వచ్చిన బ్యాటరీ తీగ, 87 నుంచి లైటుకు. తాళం తిప్పితేనే కరెంటు వచ్చే తీగను స్విచ్చు మీదుగా 86కు ఇచ్చి, 85ను ఎర్త్ చెయ్యి. ఇంజను తాళం తీయగానే లైట్లన్నీ ఆరిపోవాలి.

ఎర్త్ కోసం రంగు మీద బోల్టు బిగించి వదిలెయ్యకు. రంగు గీకి తెల్ల ఇనుము కనబడాలి, బిగించాక కాస్త గ్రీజు పూయాలి. దానికంటే మైనస్ తీగ కూడా బ్యాటరీ దాకా లాగడం నయం. లైట్లు మిణుకుమిణుకుమంటే పదింట తొమ్మిదిసార్లు తప్పు ఎర్త్‌దే. కీళ్ల దగ్గర తీగలు మెలేసి టేపు చుట్టే పద్ధతి మానుకో, ఇంజను వేడికి టేపు జిగురు కారి ఊడొస్తుంది. తీగ కొసలకు లగ్గులు (లోహపు తొడుగులు) వేసి నొక్కి, మీద వేడికి ముడుచుకునే గొట్టం ఎక్కించు. లైటులోకి తీగ వెళ్లేచోట కిందికి చిన్న ఉయ్యాల్లా వేలాడనివ్వు, వాన నీళ్లు తీగ వెంట జారి ఆ వంపు దగ్గరే చుక్కలుగా రాలిపోతాయి. కంపెనీ తీగల కట్ట ఎటు పోతే నీ తీగనూ అటే కట్టు. సైలెన్సర్‌కు దూరంగా. అంతా అయ్యాక స్టీరింగు ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పి, పెడళ్లు నొక్కి, పనిముట్టును ఎత్తే హైడ్రాలిక్ చేతులు ఎత్తి దించి, ఎక్కడైనా తీగ లాగుతోందా, నలుగుతోందా చూడు.

పని మొదలెట్టేముందు బ్యాటరీ మైనస్ ముందు విప్పు, ప్లస్ తర్వాత. బిగించేటప్పుడు ప్లస్ ముందు. మైనస్ ఊడి ఉంటే ప్లస్ విప్పే పానా బండి ఇనుముకు తగిలినా నిప్పులు రాలవు.

వెనక లైట్లకు సరైన చోటు సీటు వెనకున్న రోల్‌బార్. దానికి డ్రిల్లు పెట్టకు, వెల్డింగు రాడ్డు అంటించకు. బండి బోల్తా కొడితే నీ తలకూ నేలకూ మధ్య ఉండేది అదొక్కటే. బెజ్జం వేసిన చోటే అది విరుగుతుంది. క్లాంపు కింద రబ్బరు పట్టీ వేసి బిగించు. బారు మడిచేది కాబట్టి మడత దగ్గర తీగ వదులుగా ఉండాలి. లైటును మరీ పైకి చూపిస్తే రోటవేటర్ లేపే దుమ్మంతా వెలిగి ఎదురుగా తెల్లగోడ కట్టినట్టు ఉంటుంది. పనిముట్టు వెనక అంచు, దాని వెనక రెండు మూడు మీటర్ల నేల, అంతవరకు కనబడితే చాలు. మొదట చేతితో తిరిగేంత బిగువే ఉంచి, పొద్దుగూకాక సీటులో కూర్చుని చూసి అప్పుడు గట్టిగా బిగించు.

రోడ్డెక్కితే వెనక తెల్ల లైట్లు ఆర్పి తీరాలి. వెనక వచ్చేవాడికి నువ్వు ఎదురొస్తున్నట్టు కనిపిస్తావు. ఆ స్విచ్చుకు చిన్న ఎర్ర గుర్తుదీపం పెట్టుకో, మర్చిపోవు. పనిముట్టు ఎత్తినప్పుడు బండి ఎర్ర దీపాలు దాని చాటున పోతాయి, ఎవరూ చూసుకోరు. ఒక చెక్కకు రెండు ఎర్ర దీపాలు, రిఫ్లెక్టర్లు, నెమ్మది బండి త్రికోణం బిగించి పనిముట్టు వెనక తగిలించుకునేలా చేసుకో. నువ్వు చేసుకునే సామాన్లలో ఇంత పనికొచ్చేది ఇంకోటి ఉండదు.

టూల్‌బాక్సు సరే, పానాలు మాత్రం అందులోనే ఉండనివ్వు. అది పట్టుకునే బోల్టులు తల మీద 8.8 అని ఉన్నవి వాడు. ఏమీ రాయని మెత్త బోల్టు అదురుకు సాగిపోతుంది. నైలాన్ పట్టు ఉన్న నట్టు వేస్తే మధ్యమధ్య బిగించే పని తప్పుతుంది.

డ్రమ్ము ఆలోచన మంచిదే. లోడరు నిండినప్పుడు వెనక చక్రాలు తేలిపోకుండా ఉంటుంది. కానీ లెక్క వేశావా? కాంక్రీటు లీటరుకు 2.4 కేజీలు. 200 లీటర్ల డ్రమ్ము నింపితే 480 కేజీలు, నీ బండి బరువులో సగమంత. బకెట్ ఖాళీగా ఉన్నప్పుడు గట్టు ఎక్కితే ముందు చక్రాలు నేలను వదిలేస్తాయి, స్టీరింగు తిప్పినా బండి వినదు. ముందు ఇరుసు మీద మొత్తం బరువులో ఐదో వంతైనా నిలవాలి. డ్రమ్మును సగానికి కోసి 240 దగ్గర ఆగు. బండి పుస్తకంలో ఉండే ఎత్తే సామర్థ్యం కూడా లింకు (పనిముట్టు తగిలించే వెనక చెయ్యి) చివర్ల దగ్గర లెక్కో, 610 మిల్లీమీటర్లు వెనక లెక్కో చూసుకో, బరువు వెనక్కి జరిగేకొద్దీ అది తగ్గుతుంది. కాంక్రీటు పోసేముందే అడ్డంగా లావు కమ్మీ దూర్చి, పిన్నుల బరువంతా దాని మీద పడేలా చెయ్యి. నీది కేటగిరీ 1 సైజు లింకేజీ అయితే కింది పిన్నులు 22, పైది 19 మిల్లీమీటర్లు. అయినా నీ బండి దగ్గర కొలిచి చేయించు.

బకెట్ కొక్కేలు మధ్యలో వద్దు, పై అంచు వంగిపోతుంది. రెండు చివర్ల, లోడరు చేతులకు దగ్గరగా, కింద మందపాటి పట్టీ వేసి దాని మీద. వెల్డింగుకు బకెట్‌ను విప్పి పక్కన పెట్టుకో. కుదరకపోతే బ్యాటరీ తీగలు రెండూ తీసి, ఎర్త్ క్లాంపు వెల్డు పక్కనే పట్టించు, లేదంటే కరెంటు బేరింగుల గుండా పోయి వాటిని తినేస్తుంది.

వెనక మొద్దులు లాగడానికి టాప్ లింకు (పనిముట్టును పట్టే మూడు లింకుల్లో పైది) దగ్గర కొక్కెం చేస్తానన్నావు. ఇది చెయ్యనే కూడదు. లాగుడు ఎప్పుడూ కిందుండే లాగుడు కమ్మీకే, అదే డ్రాబారుకే. ఇరుసు కంటే పైన గొలుసు కట్టి లాగితే, మొద్దు ఎక్కడైనా తట్టుకున్న క్షణంలో ముందు చక్రాలు లేచి బండి వీపు మీద పడుతుంది. కన్ను మూసి తెరిచేలోగా అయిపోతుంది, క్లచ్చు నొక్కే వ్యవధి ఉండదు. నాగలి రాయికి తగిలి ట్రాక్టర్లు ఇలా వెనక్కి తిరగబడుతుంటేనే హ్యారీ ఫెర్గూసన్ అనే ఇంజనీరు ఆ మూడు లింకుల ఏర్పాటు మీద ఏళ్ల తరబడి తలబద్దలు కొట్టుకున్నాడు. 1939లో ఫోర్డు 9ఎన్ ట్రాక్టర్‌తో అది లోకమంతా పాకింది. ఆయన అంత కష్టపడి తప్పించిన ప్రమాదాన్ని నువ్వు వెల్డింగు చేసి మళ్లీ తగిలించకు.

మడ్‌గార్డు సీటు గురించి రాయడానికే మనసు ఒప్పట్లేదు. కుదుపుకు జారితే పడేది వెనక చక్రం కిందకి. లేదా నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు తొమ్మిది చుట్లు తిరిగే పీటీఓ షాఫ్టు (ఇంజను బలాన్ని పనిముట్టుకు అందించే ఇరుసు) మీదకి. ఆ షాఫ్టు మీద తొడుగు విప్పి మూలన పడేశావని ఫొటోలోనే చూశాను, ఈ లేఖ చదవడం అవగానే బిగించు. బుడ్డోడు ఏడిస్తే ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకుని, స్టీరింగు దగ్గర కూర్చోబెట్టి హారన్ కొట్టుకోనివ్వు. వాడికి కావలసింది అదే.

వెనక లైట్లు బిగించాక ఒక గంట వెలిగించి, ఆర్పి, ఫ్యూజు దగ్గర, కీళ్ల దగ్గర, వేళ్లతో తడిమి చూడు. ఎక్కడైనా వేడి తగిలితే ఆ కీలు మళ్లీ చెయ్యి. క్లాంపులు కొనకు, పాత బండివి నాలుగు షెడ్డులో ఉన్నాయి. రోల్‌బార్ గుండ్రటిదో చదరపుదో ఫొటోలో తెలియలేదు. గుండ్రటిదైతే చుట్టూ దారం చుట్టి ఆ పొడవు రాసి పంపు, చదరమైతే రెండు పక్కలూ కొలిచి పంపు.

మీ మామయ్య