ముందు లోడర్, వెనక బరువు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నూజివీడు దగ్గర మాకు మామిడి తోట ఉంది. చెట్ల మధ్య తిరగడానికి వీలుగా ఉంటుందని 24 హెచ్‌పీ మినీ ట్రాక్టరు కొని, దానికి ముందువైపు బకెట్‌తో సరుకు ఎత్తే చిన్న లోడర్ బిగించుకున్నాము. పశువుల ఎరువు ఎత్తినప్పుడు ఇబ్బంది లేదు కానీ, తడి ఇసుక ఎత్తితే వెనక టైర్లు తేలిపోయి బండి పట్టు తప్పుతోంది. ప్రస్తుతానికి మా అబ్బాయి వెనక పనిముట్లు తగిలించే లింకుల మీద నిలబడుతున్నాడు. టైర్లలో నీళ్లు నింపమని ఒకరు, చక్రాలకు ఇనుప బరువులు బిగించమని మరొకరు చెబుతున్నారు. ఏది మంచిది? ఎంత బరువు కావాలి?
— ఒక రైతు, ఏలూరు జిల్లా

జవాబు: మిగతా విషయాలకు ముందు ఒక్క మాట. మీ అబ్బాయిని ఇక ఒక్క ట్రిప్పుకు కూడా అక్కడ నిలబడనివ్వకండి. బకెట్ గట్టుకు తగిలి బండి ఒక్కసారి కుదిపితే అతను పడేది వెనక చక్రం పక్కనే. నడిపే మీ చూపు ఆ సమయంలో ముందున్న బకెట్ మీద ఉంటుంది. పైగా మనిషి బరువు మీకు కావలసిన దానిలో కొంత భాగానికే సరిపోతుంది.

ఎరువుకు లేని ఇబ్బంది ఇసుకకు ఎందుకు వస్తోందంటే, 150 లీటర్లు పట్టే బకెట్‌లో మాగిన ఎరువు సుమారు 100 కిలోలు తూగితే, అదే బకెట్‌లో తడి ఇసుక సుమారు 280 కిలోలు తూగుతుంది. ఆ బరువు ముందు ఇరుసుకు ఇంకా ముందు వేలాడుతుంది కాబట్టి, బండి మొత్తం ముందు ఇరుసును ఆధారం చేసుకుని కావడిలా అటు మొగ్గుతుంది. మీ బండి రెండు ఇరుసుల మధ్య దూరం మీటరున్నర అనీ, బకెట్ మధ్యభాగం ముందు ఇరుసుకు 1.2 మీటర్ల ముందు ఉందనీ అనుకుందాం. అప్పుడు 280 కిలోల ఇసుక వెనక టైర్ల మీది నుంచి 224 కిలోల భారాన్ని తీసేసి, ముందు ఇరుసు మీద ఏకంగా 504 కిలోలు మోపుతుంది. బకెట్, లోడర్ చేతుల బరువు ఇందులో కలపలేదు.

మీకు సలహా ఇచ్చిన ఇద్దరూ చెప్పినది తప్పు కాదు, కానీ అది సగం పనే చేస్తుంది. టైర్లలో నీళ్లు నింపినా, చక్రాలకు ఇనుప బిళ్లలు బిగించినా ఆ బరువు వెనక ఇరుసు దగ్గరే ఉంటుంది. 200 కిలోలు చేరిస్తే వెనక 200 కిలోలు పెరుగుతుంది, ముందు ఇరుసు మోసే భారం మాత్రం ఒక్క కిలో కూడా తగ్గదు. అదే 200 కిలోల దిమ్మెను వెనక మూడు లింకులకు, ఇరుసుకు 0.8 మీటర్ల వెనకగా తగిలిస్తే, వెనక టైర్ల మీద సుమారు 307 కిలోలు పెరగడమే కాకుండా ముందు ఇరుసు నుంచి 107 కిలోలు తగ్గుతాయి. చిన్న ట్రాక్టర్లలో లోడర్ వల్ల ముందుగా దెబ్బతినేవి ముందు ఇరుసు బేరింగులు, ఆయిల్ సీళ్లు, స్టీరింగ్ జాయింట్లు కాబట్టి, నా అభిప్రాయంలో లింకులకు తగిలించే దిమ్మెకే మొదటి స్థానం ఇవ్వాలి. టైర్లలో నీళ్లు దానికి తోడుగా ఉంటే మరీ మంచిది.

ఇందులో పక్కకు పడిపోయే ప్రమాదం కూడా ఉంది. దాన్ని చాలామంది పట్టించుకోరు. ముందు ఇరుసు మధ్యలో ఒక పిన్ను మీద అటూ ఇటూ ఊగేలా ఉంటుంది కాబట్టి, బండి నిజానికి నిలబడేది రెండు వెనక టైర్లూ ఆ పిన్నూ కలిసిన త్రికోణం మీద. బకెట్ నిండిన కొద్దీ బండి భారకేంద్రం ఆ త్రికోణపు ఇరుకైన మొన వైపు జరుగుతుంది, బకెట్ పైకి ఎత్తిన కొద్దీ ఎత్తుకు పోతుంది. అప్పుడు చెట్టు పాదు గట్టు మీదికి ఒక చక్రం ఎక్కినా చాలు, బండి పక్కకు వాలిపోవచ్చు. వెనక దిమ్మె ఆ కేంద్రాన్ని త్రికోణం వెడల్పుగా ఉన్న చోటికి లాగుతుంది. అయినా సరే, నిండిన బకెట్‌ను నేలకు అడుగు ఎత్తుకు మించకుండా ఉంచి నడపండి. రోల్ బార్ (బండి తిరగబడితే నడిపేవారిని కాపాడే ఇనుప చట్రం) ఉన్న బండి అయితే సీటు బెల్టు పెట్టుకోండి. బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి కాబట్టి, ఫోర్ వీల్ డ్రైవ్ సౌకర్యం ఉంటే వాలులో దిగేటప్పుడు దాన్ని వేసుకోండి, ముందు చక్రాలు కూడా బండిని ఆపుతాయి.

దిమ్మె మీ ఊళ్లోనే చేయించుకోవచ్చు. కాంక్రీటు ఘనపు మీటరుకు సుమారు 2400 కిలోలు తూగుతుంది. 60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 35 ఎత్తు ఉన్న దిమ్మె 200 కిలోలకు వస్తుంది. లోపల ఇనుప చువ్వల బుట్ట కట్టి, కింది లింకులకు 22 మిల్లీమీటర్ల పిన్నులు, పైన టాప్ లింకుకు రెండు చెవులు ఆ చువ్వలకే వెల్డింగ్ చేయించి, ఆ తర్వాత కాంక్రీటు పోయించండి. పిన్నుల మధ్య వెడల్పును మీ బండి లింకుల దగ్గర కొలిచి తీసుకోండి, చిన్న ట్రాక్టర్లన్నిటికీ అది ఒకటే కాదు. రెండు వందల లీటర్ల పీపాను నిండా కాంక్రీటుతో నింపే వాళ్లున్నారు. అది 480 కిలోలు అవుతుంది, మీ బండికి అంత వద్దు. ఎంత బరువు తగిలించవచ్చో లోడర్ పుస్తకంలోనూ ట్రాక్టరు పుస్తకంలోనూ చూసి, రెండింటిలో తక్కువ చెప్పినదాన్నే పాటించండి.

తయారయ్యాక ఒకసారి వేబ్రిడ్జికి వెళ్లండి. నిండిన బకెట్‌ను నేలకు తగలకుండా కిందికి పెట్టుకుని, వెనక చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేలా ఆపి తూకం వేయించండి, తర్వాత బండి మొత్తాన్ని తూయించండి. మొత్తంలో నాలుగో వంతు కూడా వెనక లేకపోతే, బకెట్‌లో వేసే సరుకు తగ్గించడమే మేలు. దిమ్మె ఊగకుండా చెక్ చైన్లు (కింది లింకులను పక్కలకు కదలనివ్వని గొలుసులు) బిగించి, దాన్ని కూడా నేలకు దగ్గరగానే ఉంచండి. బండి ఆపినప్పుడు పూర్తిగా నేలకు దించండి. లోడర్ విప్పేసిన రోజు దిమ్మెను కూడా విప్పాలి, లేకపోతే ఎగువకు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు లేచి స్టీరింగ్ పనిచేయదు.

ప్రశ్న: అమెరికాలోని మిషిగన్‌లో ఉంటున్నాము. పెరడు పనికి లోడర్ ఉన్న చిన్న ట్రాక్టరు కొన్నాము. వెనక టైర్లలో మామూలు నీళ్లు నింపవచ్చా?
— ఒక పాఠకురాలు

జవాబు: మీ దగ్గర వద్దమ్మా. అక్కడి చలికాలంలో నీళ్లు గడ్డకట్టి ట్యూబు, వాల్వు దెబ్బతింటాయి. కాల్షియం క్లోరైడ్ ద్రావణం గడ్డకట్టదు, లీటరుకు సుమారు 1.3 కిలోలు తూగుతుంది. కానీ ఎక్కడ కారినా రిమ్ము తుప్పు పడుతుంది. దాదాపు అంతే బరువుండే బీట్ రసం (చక్కెర దుంపల నుంచి తీసే ద్రవం) మీ దేశంలో టైరు దుకాణాల్లో దొరుకుతుంది, దానితో తుప్పు భయం లేదు, కాకపోతే ఖరీదు ఎక్కువ. ఏది నింపినా వాల్వు పైకి వచ్చేలా చక్రం తిప్పి ఉంచి, ద్రవం వాల్వు మట్టానికి, అంటే దాదాపు ముప్పాతిక వంతుకు రాగానే ఆపించి, మిగిలిన చోట గాలి పట్టించండి. నూజివీడు రైతుకు చెప్పిన వెనక దిమ్మె మీ బండికీ కావలసిందే. మీరు టైర్లు నింపించడానికి ముందే దాన్ని ఏర్పాటు చేసుకోండి.