సినిమా సంగతి తర్వాత... ముందు ఆ నిద్రమాత్ర సంగతి చూడండి

ప్రశ్న: మా నాన్నగారి వయసు 58. ఆర్మీ ఆర్టిలరీలో హవల్దార్‌గా రిటైరయ్యారు. 1999 కార్గిల్ యుద్ధంలో ద్రాస్ వైపు పనిచేశారు. ఇప్పుడు ఒక బ్యాంకులో గన్‌మన్. షుగర్, బీపీ ఉన్నాయి. షుగర్‌కి గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ వాడతారు. మూడు వారాల కిందట కొత్త సౌండ్‌బార్ పెట్టి, ఇంటిల్లిపాదీ ‘సేవింగ్ ప్రైవేట్ రయాన్’ చూశాం. మొదట్లో సముద్రపు ఒడ్డున జరిగే యుద్ధం సగంలో ఉండగానే ఆయన లేచి పెరట్లోకి వెళ్లిపోయారు. అప్పటి నుంచి రాత్రి రెండు, మూడు గంటలకు ఒళ్లంతా చెమటలు పట్టి, గుండె దడతో లేస్తున్నారు. అన్నం సరిగా తినడం లేదు. రోజూ తీసుకునే రెండు పెగ్గులు నాలుగయ్యాయి. మా అమ్మకు రాసిన ఆల్ప్రజోలంలో సగం ముక్క రోజూ ఇస్తున్నాం, కాస్త పడుకుంటున్నారు. యుద్ధ సినిమాల్లో ఇంత రక్తపాతం అవసరమా? నిజంగా యుద్ధం అలాగే ఉంటుందా? ఇకపై ఆయనకు అలాంటివి చూపించవచ్చా?
– ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

డాక్టర్ సలహా: మీరు అడిగింది సినిమా గురించి. మీ ఉత్తరం చదువుతుంటే నా కళ్లు ఆగింది మాత్రం నాలుగు పెగ్గుల దగ్గర, సగం ఆల్ప్రజోలం దగ్గర, తిండి లేకుండా వేసుకుంటున్న షుగర్ మాత్ర దగ్గర. అందుకే ముందు వాటి గురించి రాస్తాను.

తెల్లవారుజామున చెమటలు, దడ అనగానే మీరంతా సినిమా అనుకున్నారు. కావచ్చు. కానీ గ్లిమిపిరైడ్ వేసుకుని, అన్నం మానేసి, పైన మద్యం తాగినవాళ్లకు అదే సమయంలో షుగర్ పడిపోయినా అచ్చం ఇలాగే ఉంటుంది. పీడకలలు కూడా వస్తాయి. మద్యం తాగిన రాత్రి లివర్ రక్తంలోకి చక్కెర వదలడం తగ్గిస్తుంది, కాబట్టి ప్రమాదం ఇంకా ఎక్కువ. ఈ రాత్రి ఆయన లేవగానే గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల గ్లూకోజ్ గానీ పంచదార గానీ నీళ్లలో కలిపి ఇవ్వండి, పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ చూడండి. గ్లిమిపిరైడ్ వాడేవాళ్లలో ఒకసారి పెరిగిన షుగర్ మళ్లీ పడిపోతుంది, కాబట్టి తగ్గింది కదా అని పడుకోబెట్టకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. పిలిస్తే సరిగా పలకని మనిషి నోట్లో ఏమీ పోయకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి. ఒక ఈసీజీ కూడా తీయించాలి. షుగర్ ఉన్నవాళ్లకు ఛాతీ నొప్పి లేకుండానే గుండె జబ్బు చెమటలతో బయటపడవచ్చు.

ఇప్పుడు ఆ సగం ముక్క సంగతి. ప్రేమతోనే ఇచ్చారని నాకు తెలుసు. కానీ ఒకరికి రాసిన నిద్రమాత్రను ఇంకొకరికి ఇవ్వడం తప్పు. మద్యం, ఆల్ప్రజోలం రెండూ మెదడును మందగింపజేసేవే. రెండూ కలిస్తే నిద్రలో శ్వాస నెమ్మదిస్తుంది, లేచి బాత్రూమ్‌కి వెళ్తూ తూలి పడతారు. ఇంకో మాట: షుగర్ పడిపోయి ఆయన లేవాల్సిన సమయంలో ఈ మాత్ర ఆయన్ని లేవనివ్వదు. ‘కాస్త పడుకుంటున్నారు’ అని మీరు రాసిన మాటే నన్ను భయపెట్టింది. యుద్ధ జ్ఞాపకాలతో వచ్చే ఇబ్బందికి ఈ రకం మాత్రలు మంచివి కావని అమెరికాలో మాజీ సైనికుల చికిత్సకు రాసుకున్న మార్గదర్శకాలే చెబుతున్నాయి. మూడు వారాలు వాడాక ఒక్కసారిగా మానేయమని మాత్రం మనిషిని చూడకుండా నేను చెప్పలేను. డోసు పెంచకండి, తాగిన రాత్రి ఇవ్వకండి. ఆయన రోజూ తాగుతున్నారు కాబట్టి మాత్ర ఎలా ఆపాలో ఈ రోజే ఒక డాక్టర్‌కు ఫోన్ చేసి అడగండి, రెండు రోజుల్లోపు చూపించండి. అలాగే రోజూ నాలుగు పెగ్గులు తాగేవాళ్లు ఉన్నట్టుండి మానేస్తే వణుకు, ఫిట్స్ రావచ్చు. అదీ డాక్టర్‌కు చెప్పే తగ్గించాలి.

ఆయన గన్‌మన్ అని మామూలుగా రాసేశారు. తుపాకీ బ్యాంకులో అప్పజెప్పి వస్తారా, ఇంటికి తెస్తారా? సొంత లైసెన్సు తుపాకీ అయితే, నిద్ర కుదుటపడేదాకా అది ఇంట్లో ఉండకూడదు. ఎక్కడ, ఎలా డిపాజిట్ చేయాలో పోలీస్ స్టేషన్‌లో అడగండి. ఈ నాలుగు రోజులు డ్యూటీకి సెలవు పెట్టించండి. బతకాలని లేదన్న ఆలోచన ఏమైనా వస్తోందా అని ఆయన్ని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు, అది నిజం కాదు. ‘వస్తోంది’ అంటే ఒంటరిగా వదలకుండా అప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్లండి. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కి ఏ వేళలో అయినా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ఇక సినిమా. 1944 జూన్ 6న అమెరికన్ సైనికులు ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో దిగిన ఘట్టం అది. 1998లో ఆ సినిమా విడుదలైనప్పుడు, చూసి కలత చెందిన మాజీ సైనికుల కోసం అమెరికా ప్రభుత్వ శాఖే ప్రత్యేకంగా ఫోన్ లైన్ పెట్టింది. అంటే మీ నాన్నగారిది వింత స్పందనేమీ కాదు. గాయపడిన సైనికుల పాత్రల్లో నిజంగా కాళ్లూ చేతులూ కోల్పోయినవాళ్లను పెట్టారు. అయినా మీ నాన్నగారిని పెరట్లోకి పంపింది రక్తం కాకపోవచ్చు. ఒకచోట కెప్టెన్ పక్కన బాంబు పేలగానే అరుపులు, తూటాల మోత అన్నీ దూరమైపోయి, చెవిలో హోరు ఒక్కటే మిగులుతుంది. పేలుడు దగ్గరగా జరిగితే చెవి నిజంగానే అలా మూసుకుపోతుంది. కార్గిల్‌లో 155 మిల్లీమీటర్ల బోఫోర్స్ ఫిరంగులు రోజుల తరబడి మోగాయి. ఆర్టిలరీలో చేసిన మనిషికి ఆ హోరు ఏమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. మీరేమో దాన్ని కొత్త సౌండ్‌బార్‌లో వినిపించారు. టీవీ సౌండ్ మరీ పెంచమంటారా, పిలిస్తే రెండోసారికి గానీ పలకరా? ఒకసారి వినికిడి పరీక్ష కూడా చేయించండి.

అంత రక్తపాతం అవసరమా అంటే, నా వరకు అవసరమే. హౌస్‌సర్జన్‌గా క్యాజువాలిటీలో రాత్రులు గడిపినవాణ్ని. తూటా తగిలిన మనిషి తెల్లచొక్కా మీద చిన్న మచ్చతో, తల్లి ఒళ్లో రెండు నిమిషాలు డైలాగులు చెప్పి పోడు. అలా చూపించే సినిమాలే పిల్లలకు యుద్ధాన్ని పండగలా అలవాటు చేస్తాయి. అయితే నిజాయితీగా తీసిన సినిమాను ఎవరి పక్కన కూర్చుని చూస్తున్నామో ఇంట్లోవాళ్లు చూసుకోవాలి. ఆయన కుదుటపడేదాకా ఇలాంటివి వద్దు. తర్వాత చూడాలా వద్దా అన్నది ఆయన ఇష్టం. యుద్ధం అలాగే ఉంటుందా అన్నదానికి సమాధానం మీ ఇంట్లోనే ఉంది. కానీ తవ్వి తవ్వి అడగకండి. పెరట్లో ఆయన పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి, చెబితే మధ్యలో అడ్డుపడకుండా వినండి.

సినిమా కొత్త జబ్బు తెచ్చిందని కూడా అనుకోకండి. ఇన్నేళ్లూ దీపావళి రాత్రి ఆయన ఎక్కడ ఉండేవారో అమ్మగారిని అడగండి. వాకిట్లో మీతో కాకరపువ్వొత్తులు కాల్చారా, తలుపులు వేసుకుని లోపల ఉండిపోయారా? మొదటి ప్రపంచయుద్ధం నాటికే, 1915లోనే డాక్టర్లు దీన్ని ‘షెల్ షాక్’ పేరుతో రాశారు. ఇప్పుడు పీటీఎస్‌డీ అంటున్నాం, అంటే ఘోరమైన అనుభవం తర్వాత మనసులో మిగిలిపోయే గాయం. సాధారణంగా లక్షణాలు నెల దాటితేనే ఆ పేరు పెడతాం, కాబట్టి నేను ఇక్కడి నుంచి పెట్టను. అదే అని తేలినా మంచి చికిత్స ఉంది: పద్ధతి ప్రకారం చేసే కౌన్సెలింగ్, అవసరమైతే సెర్ట్రలిన్ లాంటి మందులు. ఆల్ప్రజోలం ఆ లెక్కలోకి రాదు. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ కార్డు ఉంటే పాలీక్లినిక్‌కి తీసుకెళ్లి, అక్కడి నుంచి సైకియాట్రిస్ట్‌కు రిఫరల్ రాయించుకోండి. ‘నాకేమన్నా పిచ్చా’ అంటారు, ఈ తరం వాళ్లంతా అంటారు. షుగర్ చూపిద్దాం, చెవులు చూపిద్దాం అని బయల్దేరదీయండి. అవి అబద్ధాలేమీ కావు.

వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రల స్ట్రిప్పులన్నీ, బీపీవి కూడా, ఒక కవర్లో వేసుకెళ్లండి. మీ అమ్మగారి ఆల్ప్రజోలం చీటీ కూడా తీసుకెళ్లి, ఆమె దాన్ని ఎన్నాళ్లుగా వాడుతున్నారో అదే డాక్టర్‌కు చెప్పండి.