డ్రాయర్లు తర్వాత, ముందు డోరు మీది స్టిక్కర్ చదవండి

అమెరికాలో క్యాంపింగ్‌కు పోదామని జీపో, టయోటా ఫోర్‌రన్నరో కొన్న కొద్ది రోజులకే మనవాళ్లు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "వెనకాల డ్రాయర్ సిస్టమ్ ఏది పెట్టించమంటారు? కిచెన్ స్లైడ్ కూడా ఉంటే బాగుంటుంది కదా?" వీడియోల్లో చూసి ఉంటారు. టెయిల్‌గేట్ ఎత్తగానే ఒకవైపు నుంచి పొయ్యి, ఇంకోవైపు నుంచి ఫ్రిజ్ జారి వస్తాయి. చెంచాలకు కూడా వేరే అర. చూడముచ్చటగానే ఉంటుంది. కానీ ఆ వీడియోల్లో మనిషి సాధారణంగా ఒక్కడే, వెనక సీట్లు పీకేసి ఉంటాయి. మన బండి సోమవారం ఆఫీసుకు పోవాలి, శనివారం పిల్లల్ని ఎక్కించుకోవాలి. అందుకే నేను చెప్పేది ఒకటే: మొదటి ఏడాది బండికి ఏదీ బోల్టులతో బిగించకండి. ఎత్తి బయట పెట్టగలిగిన సామానే కొనండి.

ముందు బరువు సంగతి. డ్రైవర్ డోరు తెరిస్తే, టైర్లలో గాలి ఎంత ఉండాలో చెప్పే స్టిక్కర్ ఒకటి కనిపిస్తుంది. మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లు మించకూడదని దాని మీదే రాసి ఉంటుంది. బండి పెద్దదిగా కనిపించినంత మాత్రాన ఆ అంకె పెద్దది కాదు. ఉదాహరణకు 1,000 పౌండ్లు అనుకుందాం. డ్రైవర్‌తో కలిపి నలుగురు, తలా 150 లెక్కేసుకుంటే 600 అక్కడే పోయాయి. మిగిలింది 400. మంచి డ్రాయర్ల జత ఖాళీగానే 150 నుంచి 200 దాకా తూగుతుంది. గ్యాలన్ నీళ్లు 8.34 పౌండ్లు, పది గ్యాలన్లయితే 83. ఫ్రిజ్, అందులోని సరుకు కలిపి మరో 75. ఇక మిగిలిన నలభై నుంచి తొంభై పౌండ్లలోనే టెంటు, పరుపులు, పొయ్యి, గ్యాస్, పనిముట్లు, బట్టలు అన్నీ సర్దుకోవాలి. సర్దుకోవు. పైగా మీరు తర్వాత వేయించిన స్టీల్ బంపరు, వించి (ఇరుక్కున్న బండిని లాగే యంత్రం), పెద్ద టైర్లు ఇవన్నీ ఆ 1,000లోంచే తినేస్తాయి, వాటి సంగతి స్టిక్కర్‌కు తెలియదు. అనుమానం ఉంటే అన్నీ సర్దుకుని, అందరూ కూర్చుని, హైవే మీద ట్రక్ స్టాప్‌లో తూకం వేయించండి. ముందు ఇరుసు మీద ఎంత, వెనక ఇరుసు మీద ఎంత అని విడివిడిగా చెబుతారు. మొత్తం బరువు హద్దులోనే ఉండి వెనక ఇరుసు ఒక్కటే మించిపోవడం చాలా మామూలు.

"అయితే టాప్ మీద పెట్టేస్తాం" అంటారు. టాప్‌కు రెండు లెక్కలుంటాయి. బండి ఆగి ఉన్నప్పుడు మోయగలిగేది ఎక్కువ, నడుస్తున్నప్పుడు మోయగలిగేది చాలా తక్కువ. ఓనర్స్ మాన్యువల్‌లో ఇచ్చేది సాధారణంగా రెండోది, అందులో ర్యాక్ బరువు కూడా కలిసే ఉంటుంది. ఏటవాలు దారిలో బండి ఒక పక్కకు ఒరిగినప్పుడు పైన ఉన్న ప్రతి పౌండూ ఒరిగిన వైపే లాగుతుంది. టాప్ మీద పరుపులు, కుర్చీలు, టార్పాలిన్ లాంటివి చాలు. నీళ్లు, బ్యాటరీ, పనిముట్ల పెట్టె ఎప్పుడూ కిందే, వెనక సీటుకు ఆనించి, వీలైనంత వరకు రెండు ఇరుసుల మధ్య ఉండాలి. బండి వెనక ట్రైలర్ కోసం ఉండే హిచ్‌కు తగిలించే ట్రే ఇంకో ఆకర్షణ. వెనక ఇరుసుకు ఎంత దూరంగా బరువు వేలాడితే ముందు చక్రాలు అంత తేలికవుతాయి, స్టీరింగ్‌లో ఆ తేడా తెలుస్తుంది. అది నంబరు ప్లేటునో, బ్రేక్ లైటునో కప్పేసిందంటే పోలీసు ఆపడానికి కారణం కూడా మీరే ఇచ్చినట్టు.

కట్టడం గురించి చాలామంది పట్టించుకోరు. సాగే రబ్బరు తాళ్లు దుప్పట్లు నిలబెట్టడానికి పనికొస్తాయి, ఫ్రిజ్‌ను ఆపలేవు. గట్టిగా గుద్దుకున్నప్పుడు వదులుగా ఉన్న సామాను దాని అసలు బరువుకు ఎన్నో రెట్ల బలంతో ముందుకొస్తుంది. అక్కడ కూర్చున్నది పిల్లలు. రాచెట్ స్ట్రాప్ (లాగి బిగించే గట్టి పట్టీ) కొనేటప్పుడు పెద్ద అక్షరాల్లో ఉన్న అంకె తెగిపోయే బరువు. మనం చూడాల్సింది వర్కింగ్ లోడ్ లిమిట్, అంటే భద్రంగా ఆపగలిగే బరువు, అది అందులో మూడో వంతు. కొక్కేన్ని ప్లాస్టిక్ ట్రిమ్‌కు కాకుండా, కంపెనీ వాళ్లు నేలలో ఇచ్చిన ఇనుప రింగులకే తగిలించండి.

ఇక పిల్లల సీటు. దీని గురించి డ్రాయర్లు అమ్మేవాళ్లు ఎక్కడా చెప్పగా నేను వినలేదు. ముందుకు తిరిగి ఉండే చైల్డ్ సీటుకు పైన ఒక పట్టీ ఉంటుంది, టాప్ టెదర్. దాన్ని తగిలించే కొక్కెం, అంటే యాంకర్, కొన్ని బండ్లలో వెనక సీటు వీపు మీద ఉంటుంది, కొన్నింటిలో డిక్కీ నేలలో. రెండో రకం బండిలో డ్రాయర్ పెట్టె సరిగ్గా ఆ యాంకర్ మీదే కూర్చుంటుంది. మీ బండిలో అది ఎక్కడుందో వేలు పెట్టి చూసుకున్నాకే ఏ పెట్టె కొలతలైనా తీసుకోండి. జాకీ, స్పేర్ టైరు దించే రాడ్డు ఎక్కడున్నాయో కూడా అప్పుడే చూడండి. టైరు పంచరయ్యాక డ్రాయర్లన్నీ ఖాళీ చేస్తే తప్ప జాకీ చేతికి రాని ఏర్పాట్లు చాలానే ఉన్నాయి.

లీజు బండి అయితే నేలకు రంధ్రం వేసే ఆలోచనే వద్దు, తిరిగి ఇచ్చేటప్పుడు లెక్క కడతారు. సొంత బండి అయితే వారంటీ గురించి టెన్షన్ పడేవాళ్లుంటారు. 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం, బయటి సామాను బిగించారన్న ఒక్క కారణంతో కంపెనీ వారంటీ ఇవ్వనని అనడం కుదరదు. చెడిపోవడానికి ఆ సామానే కారణమైతే మాత్రం ఖర్చు మీదే. ఇన్సూరెన్స్ వాళ్లకు కూడా ఒక మాట చెప్పి ఉంచండి, తర్వాత బిగించిన వాటికి మామూలు పాలసీలో కవరేజీ చాలా తక్కువగా ఉండొచ్చు, అసలు లేకపోవచ్చు కూడా.

బిగించొద్దనడానికి ఎలుగుబంట్లు ఇంకో కారణం. కాలిఫోర్నియాలోని యోసెమిటీ నేషనల్ పార్కులో చీకటి పడ్డాక కారులో తిండి ఉంచకూడదు, క్యాంప్‌సైట్‌లో ఇచ్చిన ఇనుప లాకర్‌లోకి మార్చాలి. టూత్‌పేస్టు, సబ్బు, సన్‌స్క్రీన్ లాంటి వాసన వచ్చేవన్నీ తిండి కిందే లెక్క. వాసన తగిలితే ఎలుగు కారు డోరును వంచి మరీ లోపలికి దూరుతుంది. ఇప్పుడు మీ సరుకంతా ఆరు అరల్లో, బిగించిన ఫ్రిజ్‌లో ఉందనుకోండి. రాత్రి చలిలో టార్చి పట్టుకుని ఒక్కొక్కటీ ఏరాలి. అదే రెండు డబ్బాల్లో ఉంటే ఇద్దరు కలిసి రెండు నిమిషాల్లో మోసుకెళ్తారు.

డబ్బా ఎలాంటిది? మూతకు చుట్టూ రబ్బరు అంచు ఉన్నది, మూత మీద కూర్చున్నా వంగనిది, నిండుగా ఉన్నా ఒక్కరు ఎత్తగలిగినంత సైజుది. మట్టిరోడ్డు మీద దుమ్ము వెనక నుంచే లోపలికి వస్తుంది, కాబట్టి వెనక అద్దం మూసి, ఫ్యాన్‌ను బయటి గాలి మీద నడపండి. అలలు అలలుగా ఉండే రోడ్డు మీద పది మైళ్లు పోతే గిన్నెలు ఒకదాన్నొకటి రాసుకుంటాయి. అల్యూమినియం గిన్నెలైతే మూత తీసేసరికి నల్లటి పొడి పక్కనున్న ప్లేట్లకు, గుడ్డలకు అంతా అంటుకుని ఉంటుంది. గిన్నెకూ గిన్నెకూ మధ్య ఒక గుడ్డ పెట్టండి, అదే గుడ్డ తర్వాత తుడవడానికి పనికొస్తుంది. సీసాల మూతలు ఆ కుదుపుకు వాటంతటవే వదులవుతాయి. నూనె సీసాను విడిగా జిప్ సంచిలో పెట్టి నిలబెట్టండి. పొయ్యి, లైటరు డబ్బాలో అన్నిటికన్నా పైన ఉండాలి, దిగగానే కావాల్సినవి అవే.

పొయ్యికి ఏ గ్యాస్? బ్యూటేన్ దాదాపు సున్నా డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది. చలికాలం పొద్దున్నే డబ్బా నిండా గ్యాస్ ఉన్నా మంట రాదు. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దాకా ఆవిరవుతుంది. కొండల్లోకి పోయేవాళ్లకు ప్రొపేన్ రెండు బర్నర్ల పొయ్యే సరి. పక్కనే గ్యాస్ డబ్బా పట్టే బల్లపరుపు పొయ్యి మీద పెద్ద గిన్నె పెట్టకండి, వేడి డబ్బా మీదికి తిరుగుతుంది. 10,000 అడుగుల ఎత్తులో నీళ్లు 90 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, అందుకే ఉడకడానికి చాలాసేపు పడుతుంది. చిన్న ప్రెషర్ కుక్కర్ బరువైనా సరే తీసుకెళ్లండి, గ్యాస్ మిగులుతుంది. ప్రొపేన్ గాలికన్నా బరువు, లీకైతే డిక్కీ నేల మీదే పేరుకుంటుంది, కాబట్టి ప్రయాణంలో వాల్వు కట్టేసి సిలిండర్‌ను నిలబెట్టే ఉంచాలి. బాల్టిమోర్ హార్బర్ లాంటి కొన్ని సొరంగాల్లో పెద్ద సిలిండర్లను అనుమతించరు. వాన పడుతోందని టెంటులోనో, బండిలోనో వండకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

కాలిఫోర్నియా వాళ్లకు ఒక మాట: నేషనల్ ఫారెస్ట్, బీఎల్ఎం (కేంద్ర ప్రభుత్వ భూముల శాఖ) భూముల్లో, ఏర్పాటు చేసిన క్యాంప్‌గ్రౌండ్ బయట గ్యాస్ పొయ్యి వెలిగించాలన్నా క్యాంప్‌ఫైర్ పర్మిట్ కావాలి. ఆన్‌లైన్‌లో చిన్న క్విజ్ రాస్తే ఉచితంగానే వస్తుంది.

ఫ్రిజ్ అవసరమా? రెండు రాత్రుల లోపు అయితే మంచి ఐస్ పెట్టె చాలు. అంతకన్నా ఎక్కువైతే కంప్రెసర్ ఫ్రిజ్ కొనండి గానీ, బండి బ్యాటరీ మీద నడపకండి. వేసవిలో మామూలు సైజు ఫ్రిజ్ రోజుకు 30 నుంచి 40 ఆంపియర్-అవర్లు తాగుతుంది, అంటే దాదాపు 360 నుంచి 480 వాట్-అవర్లు. 500 వాట్-అవర్ల పవర్ స్టేషన్ (చేత్తో మోసుకెళ్లే లిథియం బ్యాటరీ పెట్టె) ఒక రోజుకు సరిపోతుంది. కారు సాకెట్ నుంచి 100 వాట్ల చొప్పున తిరిగి నింపాలంటే అయిదు గంటలకు పైగా నడపాలి, చాలా బండ్లలో ఇంజన్ ఆపగానే ఆ సాకెట్ కూడా ఆగిపోతుంది. లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీల కింద చార్జ్ చేయకూడదు. రాత్రి దాన్ని టెంటులోకి తెచ్చుకోండి.

"ఇంకా బండి కొనలేదు, అద్దె జీపులో ఒకసారి వెళ్లి చూస్తాం" అనేవాళ్లు అగ్రిమెంట్‌లో మట్టిరోడ్ల గురించి ఏముందో చదవండి. ఎక్కువ కంపెనీలు ఆఫ్-రోడ్ ఒప్పుకోవు, క్రెడిట్ కార్డు ఇచ్చే కవరేజీ కూడా అక్కడ తరచూ చెల్లదు. ఆఫ్-రోడ్‌కే అద్దెకిచ్చే చోట్లు యూటాలోని మోయాబ్ లాంటి ఊళ్లలో ఉన్నాయి. అక్కడ తీసుకుంటే మీ రెండు డబ్బాలూ ఆ బండిలోకి ఎక్కించేయొచ్చు.