మీ పిన్ని ఎలా పోయిందో, ముందు అది అడుగు

ప్రశ్న: నాకు 33 ఏళ్ళు. రాజోలు దగ్గర పల్లె మాది. పాపకి ఏడేళ్ళు, బాబుకి మూడు. బాబు పాలు తాగే రోజుల్లో రొమ్ములో గట్టిగా తగిలింది. పాలు గడ్డకట్టాయని అమ్మ వేడినీళ్ళ కాపడం పెట్టింది. ఆరు నెలలు అలాగే పోయాక కాకినాడలో క్యాన్సరని తేల్చారు. రొమ్ము తీసేశారు. ఎనిమిది కీమోలు, రేడియేషన్ అయ్యాయి. ఆ రోజులన్నీ పిల్లల్ని అమ్మే చూసింది. ఇప్పుడు రోజూ టమాక్సిఫెన్ మాత్ర వేసుకుంటున్నాను. ఊళ్ళో మాత్రం గర్భసంచి ఆపరేషనని చెప్పింది అమ్మ. పాపకీ అదే మాట నేర్పింది. చెల్లికి 27 ఏళ్ళు, పెళ్ళి కావాలి కదా. మా పిన్ని కూడా నా చిన్నతనంలో ఏదో గడ్డతో పోయిందట, ఇంట్లో ఆవిడ ఊసెత్తరు. వచ్చే ఆదివారం పాలకొల్లు నుంచి పెళ్ళివారు చెల్లిని చూడడానికి వస్తున్నారు. నా జుట్టు ఇంకా వేలెడు కూడా లేదని నన్ను రావద్దంది అమ్మ. ముందురోజు వచ్చి సున్నుండలు చుట్టి వెళ్ళమంది. విగ్గు పెట్టుకుని వెళ్ళొచ్చా?

జవాబు: నా కూతురి ఈడుదానివి, నువ్వనే అంటాను. విగ్గు సంగతి రెండు ముక్కల్లో తేల్చేద్దాం. పెట్టుకోవాలనిపిస్తే పెట్టుకో, ఉక్కపోస్తే తీసెయ్. మన వైపు గుండు చూసి ఉలిక్కిపడేదెవరు? తిరుపతో వాడపల్లో మొక్కు తీర్చుకుందనుకుంటారు.

ఇంత పెద్ద ఉత్తరంలో నువ్వు గబగబా దాటేసిన వాక్యం ఒకటుంది. పిన్నిది. నేను అక్కడే ఆగిపోయాను.

ఆ గడ్డ ఎక్కడ వచ్చిందో నాకు తెలీదు. మీ అమ్మకి తెలుసు, తోడబుట్టింది కదా. రొమ్ములోనే అయితే, చెల్లెల్ని అలా పోగొట్టుకున్న మనిషి కూతురి రొమ్ములో గడ్డ తగిలితే కాపడం పెట్టి కూర్చుందంటే ఏమనుకోవాలి? తెలియక అని నేననుకోను. ఆవిడకి ఆ ఆరు నెలలూ నిద్ర పట్టి ఉండదు. భయం వేసినకొద్దీ నోరు మూసుకునే ఆడవాళ్ళు మన ఇళ్ళల్లో తక్కువేం కాదు. ఆవిడకి ప్రేమ లేదని అననమ్మా. నీ పిల్లల్ని అన్నాళ్ళు సాకిన చెయ్యి అది. కానీ పిన్నికొచ్చిన జబ్బు పేరు ఆ ఇంట్లో ఒక్కసారి పలికి ఉంటే, నువ్వు మొదటి వారమే డాక్టరు దగ్గరికి పరుగెత్తేదానివి. పాలిచ్చే తల్లికి గడ్డ తగిలితే చాలాసార్లు పాలదే అవుతుంది, నిజమే. వారం పది రోజుల్లో కరగకపోతే మాత్రం స్కానింగ్ చేయించాలి.

ఇప్పుడు ఆ గుట్టు చెల్లెలి నెత్తిన కూర్చుంది. రొమ్ము క్యాన్సర్లలో వంశంలో వచ్చేవి నూటికి అయిదు నుంచి పదే. అయినా చిన్న వయసులో వచ్చినవాళ్ళకి, అందులోనూ దగ్గరి రక్తసంబంధంలో ఇంకొకరికి వచ్చి ఉంటే, డాక్టర్లు బీఆర్‌సీఏ అనే జన్యు పరీక్ష చేయించుకోమంటారు. తల్లిదండ్రుల నుంచి పిల్లలకి దిగే జన్యువుల్లో ఈ జబ్బుకి దారితీసే మార్పు ఉందేమో చూసే పరీక్ష అది. పిన్నికి వచ్చింది అండాశయంలో అయినా లెక్కలోకే వస్తుంది. పరీక్ష ముందు నీకే, కాస్త రక్తం తీస్తారు. నీలో ఆ మార్పు ఉందని తేలితే చెల్లికి ఉండే అవకాశం సగానికి సగం. నీ పిల్లలిద్దరికీ అంతే, మగపిల్లాడని మినహాయింపు లేదు. ఉన్నంత మాత్రాన జబ్బు వచ్చి తీరుతుందని కాదు. ఆ మార్పు ఉన్న ఆడవాళ్ళకి 25 ఏళ్ళ నుంచే ఏటా ఎంఆర్‌ఐ తీస్తారు, చెల్లికి ఇప్పటికే 27. వంశంలో ఉందంటారని భయపడి మీ అమ్మ దాస్తోంది. ఉందేమోనన్న అనుమానం ఉంది కాబట్టే చెల్లికి తెలియాలంటాను నేను.

పాలకొల్లు వాళ్ళకి చెప్పాలా వద్దా అంటావు. అన్నీ తెలిశాక అది చెల్లెలి ఇష్టం. నీదీ కాదు, మీ అమ్మదీ కాదు.

ఇక సున్నుండలు. నిజం చెప్పనా, ఉత్తరంలో నాకు ఒళ్ళు మండింది అక్కడే. పెరటి దారిన వచ్చి పిండివంటలు చేసి, చుట్టాలొచ్చేలోపు వెళ్ళిపోవడానికి అక్కవా, వంటమనిషివా? నువ్వేం తప్పు చేశావని మొహం చాటెయ్యాలి? పెద్దాళ్ళ మాట వినమని ఎందరికో చెప్పినదాన్నే నేను. ఈ మాట మటుకు వినక్కర్లేదు.

శనివారం వెళ్ళు, చెయ్యి కడుక్కుని పిండి ముందు కూర్చోవడానికి కాదు. పిల్లల్ని బయటికి పంపేసి, అమ్మ పక్కన కూర్చుని, "పిన్నికి ఎక్కడ వచ్చిందమ్మా?" అని అడుగు. ఏడుస్తుంది. అరుస్తుంది కూడా. ఆపరేషన్ తర్వాత నువ్వు అన్నం తినకపోతే ఆవిడ ఎలా వదలకుండా కూర్చుందో, నువ్వూ అలాగే కూర్చో. పాపకి మాత్రం ఆవిడ చెప్పేదాకా ఆగక్కర్లేదు, ఈ రాత్రే చెప్పు. "అమ్మ రొమ్ములో గడ్డొచ్చింది, తీసేశారు, మందు వేసుకుంటున్నాను, నువ్వు ముట్టుకుంటే అంటుకునేది కాదు" అంటే ఏడేళ్ళ పిల్లకి చాలు.

ఈసారి కాకినాడ చెకప్పుకి అమ్మని కాదు, చెల్లిని తోడు తీసుకెళ్ళు. జన్యు పరీక్ష గురించి డాక్టర్ని అడిగేటప్పుడు చెల్లి నీ పక్కనే ఉండాలి.