రాత్రి రాసిన బిల్లులు తెల్లారేసరికి ఏమవుతున్నాయి?

ప్రశ్న: మా బావగారి రొయ్యల మేత దుకాణం కోసం జావా భాషలోని స్ప్రింగ్ బూట్ అనే సాధనంతో బిల్లుల అప్లికేషన్ తయారు చేశాను. హెచ్2 అనే చిన్న డేటాబేస్‌ను ఫైల్ రూపంలో వాడాను. ల్యాప్‌టాప్‌లో 6 నెలలుగా ఏ ఇబ్బందీ లేదు. గుంటల దగ్గర నుంచి కూడా ఫోన్‌లో చూసుకోవచ్చని గత వారం క్లౌడ్‌లో పెడితే, ఏ రోజు బిల్లులు ఆ రోజే ఉంటున్నాయి, మర్నాటికి కనిపించడం లేదు. ఎర్రర్ కూడా రావడం లేదు. పోయినవి తిరిగి వస్తాయా?
– ఒక పాఠకుడు, ఇందుకూరుపేట, నెల్లూరు జిల్లా

జవాబు: మీరు రాసిన లక్షణాలను బట్టి లోపం కోడ్‌లో లేదు, డేటాను ఉంచిన చోటులో ఉంది. హెరోకూ వంటి క్లౌడ్ సేవల్లో అప్లికేషన్ నడిచే కంటెయినర్‌ను (దానికి విడిగా ఇచ్చిన గది లాంటిది) రోజుకు ఒకసారైనా, మీరు కొత్త కోడ్ పంపిన ప్రతిసారీ కూడా, తీసేసి కొత్తది మొదలుపెడతారు. అందులో మీరు పంపిన ప్రోగ్రామ్ ఉంటుందే తప్ప, నడుస్తుండగా డిస్క్ మీద రాసుకున్న ఫైళ్లు ఉండవు. మీ హెచ్2 ఫైల్ అలాగే పోతోంది. పోయిన బిల్లులు తిరిగి రావని చెప్పడానికి బాధగా ఉంది. దుకాణంలో బిల్లు పుస్తకం ఉంటే దాన్ని చూసి మళ్లీ ఎక్కించడమే మార్గం.

ఇకపై డేటాను కంటెయినర్ బయట, విడిగా నడిచే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉంచండి. హెరోకూ దాని చిరునామాను, యూజర్ పేరును, పాస్‌వర్డ్‌ను కలిపి ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా (ప్రోగ్రామ్‌కు బయటి నుంచి అందే సెట్టింగ్) ఇస్తుంది. అది ‘పోస్ట్‌గ్రెస్’ అన్న మాటతో మొదలవుతుంది, జావా డ్రైవర్‌కేమో ‘జేడీబీసీ’తో మొదలయ్యే చిరునామా కావాలి కనుక, చాలామంది ఇక్కడే గంటల తరబడి ఆగిపోతారు. మీ కోడ్‌ను నడపడానికి సిద్ధం చేసే హెరోకూ జావా బిల్డ్‌ప్యాక్ ఆ మార్పు తానే చేసి, స్ప్రింగ్‌కు అందేలా మరో వేరియబుల్‌లో పెడుతుంది. పాస్‌వర్డ్‌ను మాత్రం ప్రాపర్టీస్ ఫైల్‌లో రాసి, కోడ్ దాచుకునే గిట్‌లోకి ఎక్కించకండి. అప్లికేషన్‌కు అభ్యర్థనలు అందే పోర్ట్ నంబర్‌ను కూడా వేరియబుల్ నుంచే తీసుకోవాలి.

జావాను డేటాబేస్‌తో కలిపే హైబర్నేట్‌లో, టేబుళ్లను ఏం చేయాలో చెప్పే ‘డీడీఎల్ ఆటో’ సెట్టింగ్ విలువ ‘క్రియేట్’ అని ఉంటే, పోస్ట్‌గ్రెస్‌కు మారినా రీస్టార్ట్ అయినప్పుడల్లా టేబుళ్లు ఖాళీ అవుతాయి. దాన్ని ‘వాలిడేట్’కు (టేబుళ్లను సరిచూడడం మాత్రమే) మార్చి, టేబుళ్ల మార్పులను ఫ్లైవే అనే సాధనం ద్వారా చేయడం నా దృష్టిలో క్షేమం.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. ఈ సర్వర్లు సాధారణంగా యూటీసీ అనే అంతర్జాతీయ ప్రామాణిక కాలంలో నడుస్తాయి, మన గడియారం దానికి 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. రొయ్యల పట్టుబడి రోజు తెల్లవారుజామున 4 గంటలకు రైతు బకాయి లెక్క కడితే, ఆ బిల్లు మీద నిన్నటి తేదీ పడుతుంది. తేదీ తీసుకునే ప్రతిచోటా ‘ఏషియా కోల్‌కతా’ అని స్పష్టంగా ఇవ్వండి.

అన్నీ మార్చాక ఒక ఉత్తుత్తి బిల్లు రాసి, అప్లికేషన్‌ను కావాలనే రీస్టార్ట్ చేసి చూడండి. ఆ బిల్లు సరైన తేదీతో కనిపించిన తరువాతే బావగారికి అప్పగించండి.